లంక అమ్మాయికి లాటిన్ మాట

పాళీలు కడుగుతున్నాను. గోరువెచ్చని నీళ్ళలో వేసి కాసేపు ఆగితే, లోపల పట్టుకున్న సిరా పొగలాగా పైకి లేస్తుంది. అప్పుడు పాత బనీను గుడ్డతో ఒక్కొక్కదాన్నీ తుడిచి అద్దుడు కాగితం మీద ఆరబెట్టాలి. అక్క పాళీల మొనలు ఎప్పుడూ సమంగా ఉంటాయి. బావవి మాత్రం ఈ మధ్య ఒక పక్కకు వంగుతున్నాయి. అంత గట్టిగా నొక్కి రాస్తున్నాడు.

"ఏం మౌనమునీ, మా పాళీలకు జాతకం చూస్తున్నావా?" అన్నాడు బావ వెనకనుంచి.

"ఇది ఇంక పనికిరాదు బావా" అని వంగినదాన్ని చూపించాను.

"మీ అక్కది చూపించు."

చూపించాను. వెలుతురుకు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికేం, మహారాణి పాళీ. కష్టపడితేగా అరగడానికి" అని మళ్ళీ నీళ్ళలో పడేశాడు. నల్లనీళ్ళు నా మొహం మీద చిందాయి. ఇద్దరం నవ్వాం. కానీ నేను మొహం తుడుచుకుని చూసేసరికి అతని మొహంలో నవ్వు లేదు. తుడిచి పెట్టిన అక్క పాళీల వైపు చూస్తున్నాడు.

ఈ ఊళ్ళో పాతకాలపు వైద్య కళాశాల ఒకటుంది. అక్కడ చదువు ముగించినవాళ్ళకు ఇచ్చే పట్టాలు ఇప్పటికీ లాటిన్‌లోనే ఉంటాయి, ఇప్పటికీ చేత్తోనే రాయిస్తారు. ఆ రాత పని మా అక్క అత్తవారింటిది. అక్క మామగారి తండ్రి, అంటే తాతగారు, రాశారు, తరవాత మామగారు రాస్తున్నారు, ఆయనకు తోడుగా కొడుకూ కోడలూ రాస్తున్నారు. వీధి వైపున్న పొడుగాటి గదిలో కిటికీ కింద ఒక బల్ల, నడుమ ఒక పెద్ద బల్ల. కిటికీ బల్ల మామయ్యగారిది. పట్టాలో మొదటి పంక్తి, అంటే చదివినవాళ్ళ పేరూ దేశమూ ఉండే పంక్తి, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళే రాయాలి. మిగిలిన పంక్తులు ఎవరు రాసినా ఒకటే.

మా ఊరి బడిలో చదువు అయిపోయి నేను ఖాళీగా ఉంటే అక్క పిలిపించుకుంది. కాగితాల మీద పెన్సిలు గీతలు కొట్టడం, సిరా ఆరాక వాటిని చెరపడం, పాళీలు కడగడం నా పనులు. నా దస్తూరి మా బడి పంతులమ్మ నేర్పిన గుండ్రటి దస్తూరి. చూస్తే ఎవరిదో చెప్పలేరు. ఈ ఇంట్లో దాని అవసరం కూడా ఒకటి పడుతుంది. చెప్తాను.

పట్టా రాయడంలో పేర్లతో చిక్కు లేదు. ఉన్నదున్నట్టు దింపుతారు. చిక్కంతా దేశంతోనే. లాటిన్ మాట్లాడినవాళ్ళు ఏనాడో పోయారు. తమకు తెలిసిన జనాలకు వాళ్ళే మాటలు పెట్టి పోయారు. స్పెయిన్ వాడు హిస్పానుస్, ఫ్రాన్సు వాడు గాల్లుస్. బ్రెజిల్ అనేదొకటి ఉందని వాళ్ళకు కలలో కూడా తెలియదు. మరి బ్రెజిల్ పిల్లవాడు డాక్టరై పట్టా పుచ్చుకునే రోజొస్తే అతన్ని ఏమని రాయాలి? ఇవాళ బతికున్నవాళ్ళే కూర్చుని మాట చేయాలి.

ఆ చేసిన మాట చేసినవాళ్ళది. అది ఈ ఇంటి ఆచారం. మొదటిసారి దాన్ని సిరాతో రాసే హక్కు కూడా వాళ్ళదే. బ్రసిలియెన్సిస్ తాతగారిది. కెనియానుస్ మామయ్యగారిది. సింగపురెన్సిస్ బావది. "నాన్నా, ఈ ఏడు నీ కెన్యా వాడొకడున్నాడు" అని మాట్లాడుకుంటారు. పొలం గట్లు వేసుకుని పంచుకున్నట్టు భూగోళమంతా పంచుకున్నారు. నాకు గజం నేల కూడా లేదు. ఉండాలని ఎవరూ అనుకోరు కూడా. కాగితం మీద గీతలు కొడుతూ, పక్కవాళ్ళకు దేశాలు దొరుకుతుంటే చూడటం అంత తేలిక కాదు.

అక్కకు కూడా పెళ్ళయిన కొత్తలో ఏమీ లేదు. బావే లాటిన్ నేర్పాడు. ఆ రోజుల్లో అక్క మా ఊరికి వస్తే, వంటింట్లో మా అమ్మ దగ్గర కూర్చుని మొగుడు నేర్పిన పదాలు వల్లె వేసేది. ఒకసారి ఐవరీ కోస్టు నుంచి ఒక విద్యార్థి వచ్చాడు. బావ పద్ధతిగా, ఆ దేశం పేరుకు ఉన్న అర్థాన్నే లాటిన్‌లోకి దింపి, 'దంతపు తీరపు పౌరుడు' అని వచ్చేట్టు పెద్ద మాట చేశాడు. అది పంక్తిలో పట్టలేదు. చివరి ముక్క అంచు దాటింది. కాగితాలు అందిస్తున్న అక్క, "ఆ అబ్బాయి పేరు పక్కన ఏనుగు దంతం ఎందుకండీ? వాళ్ళు తమను తాము ఏమనుకుంటారో కనుక్కోకూడదూ?" అంది. తనే వెళ్ళి కనుక్కొచ్చింది. ఇవోరియానుస్ అని పెట్టింది. మామయ్యగారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు.

అప్పుడు బావ కూడా నవ్వాడు. వీధిలో కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు, "మా ఆవిడ ఒక దేశం కొట్టేసింది" అని. రెండో దేశం వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళ వరకు చెప్పుకున్నాడు. ఆ తరవాతి దేశం నాటికి ఆ సంగతి ఎత్తడం మానేశాడు. దేశం వచ్చినప్పుడల్లా అక్క ఎవరో ఒకర్ని వెతుక్కుంటూ వెళ్ళి, "మీరు మిమ్మల్ని ఏమంటారు?" అని అడిగి వచ్చేది. బావ పాత పుస్తకాలూ పాత పటాలూ ముందేసుకుని, ఆనాటివాళ్ళు ఆ నేలను ఏమన్నారో వెతికేవాడు. అవి రెండు దారులు. రెండూ మంచివే. పోర్చుగల్ వాళ్ళకు తాతగారు పెట్టిన మాట పక్కన పెట్టి, ఆనాటి పేరు పట్టుకుని లుసిటానుస్ అని మార్చింది బావే. ఆ రోజు మామయ్యగారు కాగితం చూసి "ఊఁ" అన్నారట. అంతే. ఆ 'ఊఁ' సంగతి బావ నాకు చాలాసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా అది ఇంకా చిన్నదవుతూ వచ్చింది.

ఆ రోజు పాళీలు ఆరబెడుతుండగా ఫ్రేముల మేస్త్రి వచ్చాడు. పట్టాలకు చట్రాలు బిగించేది అతనే. నోరు ఊరుకోదు.

"ఏం బాబూ, ఈసారి ఎన్ని దేశాలు గెలిచారు?" అన్నాడు బావతో, మేకులు సంచిలోంచి తీస్తూ.

"మనకెక్కడివి మేస్త్రీ. అన్నీ ఇంటావిడకే."

"ఇంకేం, మీరు రాణిగారి మొగుడు. కూర్చుని తినండి!"

మేస్త్రి ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు. అక్క కూడా మధ్య బల్ల దగ్గర తల వంచుకుని నవ్వింది. ఆ నవ్వులో ఏమీ లేదు, హాయిగా నవ్వింది. బావ ఆ నవ్వునే చూశాడు. వెళ్ళి వంగిన పాళీ ఒకటి తీసుకుని, కూర్చుని, పాడైన కాగితం మీద ఊరికే గీతలు గీయడం మొదలుపెట్టాడు. పాళీ కాగితాన్ని చీల్చిన చప్పుడు నాకు వినపడింది.

మర్నాడు కళాశాల గుమాస్తా ఈ ఏటి పేర్లు తెచ్చాడు. మామయ్యగారు అందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. ఆయన కుడిచెయ్యి కొంతకాలంగా వణుకుతోంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని దాచుకుంటారు. ఆ రోజు దాచుకోలేదు.

"ఇంక నా వల్ల కాదు. ఈ ఏడు మొదటి పంక్తి నేను రాయను. కిటికీ దగ్గర ఎవరు కూర్చుంటారో ఒక పేరు పంపమన్నారు కాలేజీవాళ్ళు."

బావ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. బొటనవేళ్ళు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి.

"చెయ్యి చూస్తే ఇద్దరిదీ బాగుంది. వయసు చూడను, వరస చూడను. మా నాన్న నన్నూ మా తమ్ముణ్ణీ ఎలా తేల్చాడో అలాగే తేలుస్తాను. శ్రీలంక నుంచి ఒకమ్మాయి ఉంది. మా నాన్న నాడు అది సిలోను. జెయిలానికుస్ అని పెట్టాడాయన. ఇప్పుడు ఆ దేశం పేరు మార్చుకుంది, ఆ మాట చెల్లదు. కొత్త మాట కావాలి. మీ ఇద్దరూ చెరొకటి చెయ్యండి. నాకు నచ్చిన మాట ఎవరిదైతే కుర్చీ వాళ్ళది."

"మామయ్యగారూ, ఇలా ఎందుకు? ఆయన్నే కూర్చోమనండి" అంది అక్క.

బావ చటుక్కున తలెత్తాడు. "అంటే? నువ్వు వదిలేస్తే నేను తీసుకోవాలా?"

"అలా కాదండీ..."

"ఎలాగైనా సరే. రాయి. నేనూ రాస్తా."

పద్ధతి పాతదే. ఇద్దరూ తమ మాటలు నాకు ఇవ్వాలి. నేను వాటిని రెండు చీటీల మీద నా బడి దస్తూరితో దింపాలి, ఎవరి చెయ్యో తెలియకుండా. చీటీ వెనక గుర్తు పెట్టాలి. బావకు గీత, అక్కకు చుక్క. మామయ్యగారు చదివి ఎంచుకున్నాక చీటీ తిప్పాలి. ఇద్దరూ ఒకే మాట చేస్తే, నాకు ముందు ఇచ్చినవాళ్ళది. ఈ పని మామయ్యగారి నాడు వాళ్ళ మేనత్త చేసేదట. ఇప్పుడు నాది.

రెండు రోజులు బావ పుస్తకాల బీరువా తెరవలేదు. నేను రోజూ దుమ్ము తుడుస్తాను కాబట్టి నాకు తెలుసు. పాత పటాల పుస్తకం ఉన్నచోటే ఉంది. మూడో రోజు పొద్దున, అక్క ఇంకా ఇల్లు ఊడుస్తుండగానే బావ చొక్కా వేసుకుని బయటికి వెళ్ళాడు. ఎండెక్కాక తిరిగొచ్చాడు. నేను పెరట్లో కొళాయి దగ్గర గుడ్డలు జాడిస్తున్నాను. చుట్టూ చూసి దగ్గరకొచ్చాడు.

"ఇదిగో నా మాట. ముందు నేనిచ్చాను. గుర్తుంచుకో."

కాగితం మీద శ్రీలంకెన్సిస్ అని ఉంది. నేను దానివంక చూస్తూ ఉండిపోయాను. ఇది బావ మాట కాదు. చదివితే చాలు, అక్క నడక కనిపిస్తోంది.

"ఏం అలా చూస్తావ్? బాలేదా?"

"బాగుంది బావా."

"మీ అక్క ఇచ్చిందా?"

"ఇంకా లేదు."

"హమ్మయ్య!" అన్నాడు. ఆ మాట నోరు జారిందని అతనికే తెలిసింది. కొళాయి కట్టి, మళ్ళీ తిప్పి, చేతులు కడుక్కున్నాడు. చేతులకు మురికేమీ లేదు. "చూడు మరదలా, నాన్నకు ఇప్పుడు ఇవే నచ్చుతున్నాయి. అడిగి రాసినవి. నా పుస్తకాల మాటలు ఆయనకు ముసలి వాసన. సరే, నేనూ అడిగొచ్చాను. అడగడం మీ అక్క కనిపెట్టిన విద్యేం కాదుగా."

"కాదు బావా."

"మరి? ఆమెకొక్కదానికే రాసిచ్చారా ఆ దారి?"

నేను గుడ్డలు పిండి తీగ మీద ఆరేశాను. అతనికి నాతో తగువు పెట్టుకోవాలని ఉంది. నేను దొరకలేదు.

ఆ సాయంత్రం అక్క నన్ను వెంటబెట్టుకుని కళాశాలకు బయల్దేరింది. ఆసుపత్రి వెనక, ఉతికిన దుప్పట్లు ఆరేసే పొడుగాటి వరండాలో లంక అమ్మాయి కనబడింది. పొట్టిగా, చురుగ్గా ఉంది. ఇక్కడ చదివిన ఇన్నేళ్ళలో మన తెలుగు బాగా పట్టుబడింది. తెల్లకోటు జేబులు చిరిగేంత బరువుగా ఉన్నాయి. అక్క తన సంగతి మొదలుపెట్టగానే ఆ అమ్మాయి పకపకా నవ్వింది.

"మళ్ళీనా? పొద్దున్నే ఒకాయన వచ్చి ఇదే అడిగారండీ. 'మీరు మిమ్మల్ని ఏమంటారు' అని. పాపం, అడుగుతుంటే ఆయనకు చెమటలు పోస్తున్నాయి. ఏదో రోగం చెప్పుకోడానికి వచ్చారేమో అనుకున్నా!"

అక్క నవ్వబోయి ఆగిపోయింది. "సన్నగా, పొడుగ్గా, మెడ దగ్గర సిరా మరకతోనా?"

"అవునండీ! మీకు తెలుసా ఆయన?"

"మా ఇంట్లోనే ఉంటారు" అంది అక్క.

జారుతున్న దుప్పటి ఒకటి అక్క తీగ మీద సరిచేసింది. తరవాత అక్క, "ఆయనకు ఏం చెప్పారు?" అని అడిగింది.

"ఏముంది, శ్రీలంక అన్నాను. ఆయన అంతకంటే ఏమీ అడగలేదు. థాంక్స్ చెప్పి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయారు. ఇంకో నిమిషం ఉంటే మా తాతయ్య గోడమీది పటం గురించి చెప్పేదాన్ని."

"ఏం పటం?"

"మా తాతయ్య ఓడరేవులో పనిచేసేవారు. ఎక్కడో పాత పటం ఒకటి సంపాదించి గోడకు తగిలించారు. అందులో మా దీవి ఎంత పెద్దగా ఉంటుందో తెలుసా? పక్కనున్న ఖండం దీని ముందు పిల్లకాయ! దానిమీద తప్రోబనె అని, లాటిన్ కాలంవాళ్ళు మా దీవిని పిలిచిన పేరు రాసుంటుంది. ఎవరొచ్చినా తాతయ్య చూపించేవారు, 'ఇదిగో మనం, లోకమంతా మనల్ని ఇంత పెద్దగా అనుకుంది' అని. మేం పిల్లలం కొట్టుకుంటే కూడా, 'తప్రోబనె వాళ్ళు ఇలాగేనా ఉండేది' అని తిట్టేవారు."

తిరిగి వచ్చేటప్పుడు అక్క నాకంటే ముందు గబగబా నడిచింది. సందు మలుపు దగ్గర ఆగి, "ఏమే, ఆయన నీకు మాట ఇచ్చేశారా?" అంది.

నేను నేల చూశాను.

"చెప్పకులే. ఇచ్చి ఉంటారు. పొద్దున్నే పరుగెత్తింది అందుకే." నడిచింది. మళ్ళీ ఆగింది. "నా దారిన ఆయన వెళ్ళారు. బాగానే ఉంది. అయితే ఆయన దారి ఖాళీగా ఉన్నట్టేగా."

ఇంటికి రాగానే చెప్పులు విప్పి తిన్నగా బీరువా దగ్గరికి వెళ్ళింది. పాత పటాల పుస్తకం తీసి బల్లమీద పెట్టింది. బావ మధ్య బల్ల దగ్గర గీతలు సరిచూస్తున్నాడు. అతని చెయ్యి ఆగింది.

"అది నా పుస్తకం" అన్నాడు.

"ఇంటి పుస్తకం కాదా?"

"ఇంటిదే. ఎప్పుడూ తియ్యవుగా. ఇవాళ ఏం పని పడింది?"

"చూసుకుంటానండీ. మీకు అవసరమైతే మీరే చూసుకోండి ముందు."

"నాకేం అక్కర్లేదు. నా పని అయిపోయింది."

అక్క పుటలు తిప్పింది. బావ గీతలు సరిచూడటం మానేసి ఆమె వేలు ఎక్కడ ఆగుతుందో చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. మా ఊరి బడిలో, లెక్క తప్పిందని తెలిసినవాడు పక్కవాడి పలక వైపు అలాగే చూసేవాడు. అక్క వేలు ఒకచోట ఆగింది. పెదవులు కదిలాయి. బావ మొహంలో రంగు పోయింది. ఆ పుట అతనికి తెలుసు. అతను మొదట తెరవాల్సిన పుట అదే. ఎప్పట్లాగే పని చేసుంటే తెరిచేవాడే.

"నచ్చిందా?" అన్నాడు.

"ఊఁ" అంది అక్క, పుటలోంచి తలెత్తకుండా.

బావ లేచి పెరట్లోకి వెళ్ళాడు. నేను పాళీలు కడగడానికన్నట్టు డబ్బా తీసుకుని వెనకే వెళ్ళాను. కొళాయి పక్క గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"నా కాగితం ఇచ్చెయ్యి" అన్నాడు.

"చీటీ మీద దింపేశాను బావా."

"చింపెయ్. ఇంకోటి రాసిస్తా."

"ఏది?"

అతను పుస్తకం ఉన్న గది వైపు చూశాడు. ఇప్పుడు ఆ పుటలోని మాట అక్కకంటే ముందే రాసిచ్చినా, దాన్ని ముందు చూసింది అక్కే. నాకు తెలుసు, అతనికి తెలుసు. తనే అన్నాడు, "వద్దులే. అదే ఉండనీ. నాన్నకు అదే నచ్చుతుంది. చూడు కావాలంటే. ఆయన సంగతి నాకు తెలీదా? అడిగి రాసిన మాట కనబడితే చాలు, కళ్ళజోడు తీసి నవ్వుతాడు." అంటూనే ఉన్నాడు. నన్ను కాదు, తనను నమ్మించుకుంటున్నాడు.

అక్క తన మాట నాకు వంటింట్లో ఇచ్చింది. తప్రోబనెన్సిస్. దింపి, వెనక చుక్క పెట్టాను. నా దస్తూరిలో రెండు మాటలూ అక్కచెల్లెళ్ళలా పక్కపక్కన ఉన్నాయి. ఏది ఎవరిదో ఎరగనివాళ్ళు చూస్తే మాత్రం, ఒకటి అక్కది, ఒకటి బావది అని గట్టిగా చెప్తారు. తిరగేసి చెప్తారు. ఆ సంగతి ఈ ఇంట్లో నాకొక్కదానికే పూర్తిగా తెలుసు. చెప్పడానికి వీల్లేదు.

పొద్దున ఫలహారాలు అయ్యాక మామయ్యగారు బల్ల దగ్గరికి వచ్చారు. తలకు నూనె రాసుకుని శుభ్రంగా దువ్వుకున్నారు. చీటీలు ఆయన ముందు పెట్టాను. బావ ఒక పక్క, అక్క ఒక పక్క. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

రెండూ చదివారు. మళ్ళీ చదివారు. శ్రీలంకెన్సిస్ చీటీ కాస్త దూరంగా జరిపి, నవ్వారు. కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. బావ నడుం నిటారుగా అయింది.

"ఇది కోడలిది" అన్నారు మామయ్యగారు. "అడిగింది, రాసింది. ముచ్చటగా ఉంది. ఎవరు చూసినా తెలుస్తుంది." తరవాత రెండో చీటీ మీద వణుకుతున్న చెయ్యి పెట్టారు. నవ్వు పోయింది. "ఇది మావాడిది. ఇది కావాలి నాకు."

ఆయన వేలితో ఆ చీటీ మీద తట్టారు.

"ఆనాటివాడికి చూపించు, వాడు తల ఊపుతాడు. ఇవాళ్టివాళ్ళకు చూపించు, మనం ఇంత పాతవాళ్ళమా అని పొంగిపోతారు. ఇలాంటి మాట ఊరికే రాదు." ఆయన కొడుకు వైపు తిరిగారు. "ఒరేయ్, నీకొకటి చెప్పాలి. నీ మాటలు చూసి నేనెప్పుడూ నవ్వలేదు. నువ్వు అనుకుని ఉంటావు, నాన్నకు నచ్చలేదని. అమ్మాయి మాట చూస్తే నవ్వొస్తుంది, పిల్లలు మొదటిసారి నడిస్తే వచ్చినట్టు. నీ మాట చూస్తే నాకు నవ్వు రాదురా. కడుపులో మండుతుంది. మా నాన్న పెట్టిన మాట ఒక్కటీ మార్చే ధైర్యం నాకు లేకపోయింది. నువ్వు వచ్చి లుసిటానుస్ అని మార్చేశావు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఈ కుర్చీలో ఇన్నాళ్ళు కూర్చున్నది నేను, మాట దొరికింది వీడికా అనుకున్నాను. కన్నకొడుకు మీద ఏడ్చానురా. 'ఊఁ' అని ఊరుకున్నాను."

బావ నోరు కొంచెం తెరుచుకుంది. చిన్నపిల్లవాడి మొహంలా అయిపోయింది. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాటలు. అతనికే చెప్తున్నారు, అతని కళ్ళలోకి చూస్తూ చెప్తున్నారు. మామయ్యగారి వేలు మాత్రం అక్క చీటీ మీద ఉంది.

"ఇప్పుడింక మండటానికి ఏం మిగిలింది, చెయ్యే పోయాక. రా. వచ్చి కూర్చో." ఆయన కిటికీ బల్ల వైపు చెయ్యి చూపించారు. "చిన్నమ్మాయ్, చీటీ తిప్పు. ఆచారం కదా."

నేను గోడ దగ్గరనుంచి బల్ల దాకా వచ్చాను. చెయ్యి చాచాను. అక్క నావైపు చూసింది. తల చాలా కొద్దిగా, అడ్డంగా ఊపింది. తిప్పకు. కళ్ళతోనే బతిమాలింది. తరవాత మామయ్యగారితో మామూలు గొంతుతో, "తిప్పడం ఎందుకు మామయ్యగారూ, మీరు పోల్చేశారుగా. ఆయన్ని కూర్చోనివ్వండి" అంది.

"అదీ నిజమే" అన్నారాయన సంబరంగా.

నా చెయ్యి గాలిలోనే ఉంది. వెనక్కి తీసుకుంటే చాలు. ఎవరికీ నష్టం లేదు. అక్కకు ఇష్టమే, మామయ్యగారికి ఇష్టమే.

కానీ అక్క తల ఊపడం బావ చూశాడు. అతను చాలాకాలంగా ఆమెను అలా కనిపెట్టుకునే ఉన్నాడు. ఆమె వేలు ఎక్కడ ఆగిందీ, ఎవరు మెచ్చితే ఎంత నవ్విందీ అన్నీ చూసే మనిషికి ఈ ఒక్కటి కనబడకుండా ఎలా పోతుంది? మొహంలోంచి ఆ చిన్నపిల్లవాడు వెళ్ళిపోయాడు. ఆమె దేశాలు గెలిచినప్పుడు కూడా బావ కళ్ళు అలా ఎర్రబడటం నేను చూడలేదు.

బల్ల మీదికి వంగి, తండ్రి వేలి కిందనుంచి చీటీ లాగాడు. తిప్పి ఆయన ముందు పెట్టాడు.

చుక్క.

మామయ్యగారు దాన్ని చూశారు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశారు. రెండో చీటీ తనే తిప్పుకున్నారు. గీత. "అదేమిట్రా" అన్నారు నెమ్మదిగా. "నువ్వు ఇలా రాయవుగా. ఇది నువ్వెందుకు రాశావు?"

"ఏమండీ" అంది అక్క, లేస్తూ. "అది కాదండీ, నేను మీ పుస్తకం చూసే..."

బావ ఆమెకేసి చూడలేదు. కుర్చీ బల్ల కిందికి చక్కగా నెట్టాడు. మెడ దగ్గర సిరా మరక ఉన్నచోట చేత్తో ఒకసారి రుద్దుకున్నాడు. మామయ్యగారు "ఒరేయ్, ఆగరా, లుసిటానుస్ సంగతి నిజమేరా" అంటున్నారు. బావ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కున్నాడు. ఒకటి అక్క చెప్పుల కింద ఉంది. కాలితో పక్కకు జరిపి తనది తొడుక్కున్నాడు. తలుపు తీసి వీధిలోకి దిగి వెళ్ళిపోయాడు.